విశ్వంలో "రంధ్రం" ఉందంట, తొమ్మిదో తరగతి పిల్లలకు ఏం చెప్పాలి?

దేవరకొండ_ఫిజిక్స్
మా బడిలో పిల్లలు ఈ వారం ఒక వీడియో పట్టుకొచ్చారు. "విశ్వంలో భయంకరమైన రంధ్రం, లోపలికి పోతే తిరిగి రారు" అని దాని పేరు. నడుమ నల్లటి మచ్చ, చుట్టూ వేల నక్షత్రాలు, వెనక గుండె దడ పుట్టించే సంగీతం. బూటీస్ అనే నక్షత్రరాశి దిక్కున ఉన్న బూటీస్ శూన్యం అంట, 33 కోట్ల కాంతి సంవత్సరాల వెడల్పు అంట. చూసినంక ఒక అమ్మాయి లేచి "సార్, అక్కడ ఉన్నవాటిని ఎవరు ఖాళీ చేశారు?" అని అడిగింది. బ్లాక్ హోల్ కాదని మటుకు చెప్పాను. కానీ ఆమె అడిగింది అది కాదు గదా.
నా బాధ ఏంటంటే, ఇంత మంచి విషయాన్ని దయ్యాల కథ చేసి పెడుతున్నారు. పిల్లలు భయపడటానికి చూస్తున్నారు, తెలుసుకోవడానికి కాదు. గెలాక్సీల మధ్య ఖాళీ ఎట్లా వచ్చింది, అది నిజంగా ఎంత ఖాళీ, మనకు ఎట్లా తెలిసింది? తెలిసినవాళ్లు జర ఓపికగా చెప్పండి. సోమవారం క్లాసులో చెప్పాలి.

కల్వకుర్తి_పోరడు
ఆ వీడియో మా ఇంటి వాట్సాప్ గ్రూపులో కూడా తిరిగింది సార్. మా బాబాయి చూసి భూమి అందులో పడిపోతుందేమో అని ఒకటే టెన్షన్. పత్తి అమ్మి డబ్బులు బ్యాంకులో వేయాలా వద్దా అని అడిగిండు.

నల్లమల_నైట్స్
మొదట ఆ ఫొటో సంగతి తేల్చుకుందాం. నల్లటి మచ్చ, అంచుల్లో గోధుమ రంగు నక్షత్రాలు, అదేనా? అదైతే బూటీస్ శూన్యమే కాదు. అది బార్నార్డ్ 68 అనే ధూళి మేఘం. వృశ్చికం పక్కన ఉన్న సర్పధారి రాశిలో, సుమారు 500 కాంతి సంవత్సరాల దూరంలో, మన పాలపుంతలోనే ఉంది. వెడల్పు అర కాంతి సంవత్సరం. యూరోపియన్ సదరన్ అబ్జర్వేటరీ వాళ్లు చిలీ నుంచి తీసిన ఫొటో. ఏళ్లుగా దీన్ని "విశ్వంలో రంధ్రం" అని పెడుతూనే ఉన్నారు.
పైగా అది ఖాళీ చోటు కాదు, పూర్తిగా ఉల్టా. ధూళి, వాయువు చిక్కగా కమ్ముకుని వెనక నక్షత్రాల వెలుగును అడ్డుకుంటోంది. ఇన్‌ఫ్రారెడ్‌లో తీస్తే వెనక నక్షత్రాలన్నీ కనబడతాయి. ఆ రెండు ఫొటోలు పక్కపక్కన పెట్టి చూపించండి సార్, సగం భయం అక్కడికక్కడే పోతుంది.

సాగర్_కట్ట
బాబాయికి చెప్పు, డబ్బులు బ్యాంకులో వేసుకోమని.

మూసీ_గట్టు
ఫొటో దొంగదైతే శూన్యం కూడా దొంగదేనా? లేక నిజంగా ఉందా?

మిర్యాలగూడ_టు_పుణె
ఉంది అన్నా. నా పీహెచ్‌డీ గెలాక్సీ సర్వేల మీదే కాబట్టి కొంచెం పొడుగ్గా రాస్తాను.
రెండు రకాల ఖాళీలను కలిపేస్తే అంతా గందరగోళం అవుతుంది. పాలపుంత వెడల్పు దాదాపు లక్ష కాంతి సంవత్సరాలు. ఆండ్రోమెడా గెలాక్సీ 25 లక్షల కాంతి సంవత్సరాల దూరంలో ఉంది. ఈ నడుమ ఖాళీ మామూలు ఖాళీ, ఇరుగుపొరుగు మధ్య దూరం అంతే. శూన్యం అంటే అది కాదు. గెలాక్సీలు విశ్వంలో సమానంగా చల్లినట్టు లేవు. గుంపులుగా, గుంపులు కలిసి తీగలుగా, తీగలు కలిసేచోట పెద్ద పెద్ద క్లస్టర్లుగా ఉన్నాయి. ఆ తీగల మధ్య కోట్ల కాంతి సంవత్సరాల మేర గెలాక్సీలు చాలా అరుదుగా ఉండే ప్రాంతాలే శూన్యాలు. విశ్వం మొత్తం ఘనపరిమాణంలో ఎక్కువ భాగం ఇవే. అంటే సార్, మనం వింత అనుకుంటున్నదే విశ్వంలో మామూలు సంగతి. గెలాక్సీలు కిక్కిరిసి ఉన్న చోటే అరుదు.
ఇక ఎంత ఖాళీ అంటే, సున్నా కాదు. విశ్వం సగటు సాంద్రతలో పదో వంతు, ఐదో వంతు ఉంటుంది. మామూలు పదార్థాన్ని విశ్వమంతా సమానంగా పరిస్తే నాలుగు ఘనపు మీటర్లకు ఒక హైడ్రోజన్ పరమాణువు వస్తుంది. పది అడుగుల పొడవు, వెడల్పు, ఎత్తు ఉన్న గది తీసుకోండి. సగటున ఏడు పరమాణువులు. అదే గది శూన్యం నడుమ పెడితే ఒకటి. పిల్లలతో బోర్డు మీద ఈ లెక్క చేయించండి, బాగా పట్టుకుంటారు.

దేవరకొండ_ఫిజిక్స్
ఆ గది లెక్క చాలా బాగుందమ్మా. మా క్లాసు రూము కొలతలతోనే చేయిస్తాను.

మూసీ_గట్టు
నాకు ఒకటి అర్థం కాలేదు. బూటీస్ దిక్కు చూస్తే అక్కడ చుక్కలు మస్తుగా కనబడుతున్నాయి గదా. ఖాళీ ఎక్కడుంది?

నల్లమల_నైట్స్
మంచి ప్రశ్న. మన కంటికి కనబడే చుక్కలన్నీ పాలపుంతవే. బూటీస్ శూన్యం వాటికి ఎంతో వెనక, 70 కోట్ల కాంతి సంవత్సరాల దూరంలో ఉంది.
దాని దిక్కు చూపించడం మాత్రం తేలిక. మే నెలలో రాత్రి పదింటికి డాబా ఎక్కండి. సప్తర్షుల తోకను అదే వంపులో పొడిగిస్తూ పోతే నారింజ రంగులో మెరిసే పెద్ద చుక్క తగులుతుంది. అదే స్వాతి. మన నల్లగొండ, పాలమూరు మీదుగా పోయేటప్పుడు దాదాపు నడినెత్తి మీదే ఉంటుంది. అది 37 కాంతి సంవత్సరాల దూరమే. అక్కడి నుంచి ఉత్తరానికి, కొంచెం తూర్పుకు జరగండి. చేయి చాచి పిడికిలి పట్టుకుంటే పది డిగ్రీలు. అట్లాంటి రెండున్నర పిడికిళ్లు దాటితే శూన్యం నడుమ భాగం దిక్కుకు వస్తారు. వెడల్పు కూడా సుమారు రెండున్నర పిడికిళ్లే. ఆకాశంలో అంత పెద్ద చోటు! ఎంత పెద్ద టెలిస్కోపు పెట్టినా ఆ చోట ముందున్న చుక్కలు, వెనకున్న గెలాక్సీలు కనబడుతూనే ఉంటాయి. అందుకే 1981 దాకా దాని సంగతి ఎవరికీ తెలియలేదు.

కల్వకుర్తి_పోరడు
ముందు చుక్కలు, వెనక గెలాక్సీలు. మరి నడుమ ఖాళీ ఉందని ఎట్లా పట్టారు?

మిర్యాలగూడ_టు_పుణె
దూరం కొలిచి. ఒక గెలాక్సీ వెలుగును స్పెక్ట్రమ్‌గా విడదీస్తే హైడ్రోజన్, కాల్షియం గీతలు కనబడతాయి. గెలాక్సీ మన నుంచి ఎంత వేగంగా దూరం జరుగుతుంటే ఆ గీతలు అంత ఎరుపు వైపు జరుగుతాయి. అదే రెడ్‌షిఫ్ట్. ఎంత దూరంలో ఉంటే అంత వేగంగా జరుగుతాయి కాబట్టి వేగం తెలిస్తే దూరం తెలుస్తుంది. అట్లా రెండు కొలతల ఆకాశం మూడు కొలతల మ్యాపు అవుతుంది.
1981లో రాబర్ట్ కిర్ష్‌నర్, ఆగస్టస్ ఓమ్లర్, పాల్ షెక్టర్, స్టీఫెన్ షెక్ట్‌మన్ ఇట్లాగే గెలాక్సీల వేగాలు కొలుస్తూ పోయారు. సెకనుకు 12,000 కిలోమీటర్ల లోపు గెలాక్సీలు ఉన్నాయి, 18,000 పైన ఉన్నాయి, నడుమ దాదాపు ఎవరూ లేరు. గ్రాఫులో ఆ గండి చూసే బూటీస్ శూన్యాన్ని పట్టారు. తర్వాత గాలిస్తే లోపల ఒక 60 గెలాక్సీలు దొరికాయి. మామూలుగా అయితే అంత చోటులో వేలల్లో ఉండాలి.
మొదటి శూన్యం అదే అని చాలాచోట్ల రాస్తారు, అది సరికాదు. 1978లోనే గ్రెగరీ, థాంప్సన్ కోమా సూపర్ క్లస్టర్ (క్లస్టర్ల పెద్ద గుంపు) ముందు పెద్ద ఖాళీలు చూపించారు. ఎస్టోనియాలో యాన్ ఐనాస్టో బృందం కూడా అదే కాలంలో ఈ మాటే చెప్పింది. వాళ్ల పేర్లు కూడా పిల్లలకు చెప్పండి సార్.

పాలమూరు_ఎమ్మెస్సీ
అక్క చెప్పినదానికి ఒక బొమ్మ కలుపుతాను. 1986లో డి లాపరాన్, మార్గరెట్ గెల్లర్, జాన్ హుక్రా సుమారు 1,100 గెలాక్సీలతో ఆకాశంలో ఒక పలుచటి ముక్కను మ్యాపు వేశారు. చూస్తే అచ్చం కాళ్లు చేతులు చాపి నిలబడ్డ మనిషి బొమ్మే. మొండెం ఉన్నచోట కోమా క్లస్టర్ ఉంది, చుట్టూ గుండ్రటి ఖాళీలు. ఖాళీలు ఒకటీ అరా కాదు, అంతటా ఉన్నాయని ఆ ఒక్క బొమ్మతో అందరికీ తెలిసొచ్చింది. 1989లో గెల్లర్, హుక్రాలే "గ్రేట్ వాల్" అనే గెలాక్సీల గోడను చూపించారు.
గెలాక్సీల మ్యాపు వేసిన స్లోన్ సర్వే డేటా ఎవరైనా ఉచితంగా దింపుకోవచ్చు. ఒక పలుచటి ముక్క తీసి గ్రాఫు కాగితం మీద పిల్లల చేతనే చుక్కలు పెట్టించండి. కోణం ఒక వైపు, రెడ్‌షిఫ్ట్ ఒక వైపు. చుక్కలు పెడుతూ పోతే ఖాళీలు వాటంతట అవే బయటపడతాయి. ఎవరూ చెప్పాల్సిన పని లేదు.

దేవరకొండ_ఫిజిక్స్
ఇది తప్పకుండా చేయిస్తా తమ్ముడూ. ఆ డేటా చిన్న పట్టికలా చేసి పంపగలవా? మా దగ్గర ఒకటే కంప్యూటరు.
సరే, ఉందని తెలిసింది, ఎట్లా కొలిచారో తెలిసింది. ఆ అమ్మాయి ప్రశ్న మాత్రం ఇంకా అట్లాగే ఉంది. ఎవరు ఖాళీ చేశారు?

పాలమూరు_ఎమ్మెస్సీ
పట్టిక రేపటికల్లా పంపుతా సార్.
ఖాళీ చేసింది గురుత్వాకర్షణ. కానీ మొదలు చాలా చిన్నది. బిగ్ బ్యాంగ్ అయినంక 3 లక్షల 80 వేల ఏళ్లకు బయలుదేరిన వెలుగు ఇప్పటికీ అన్ని దిక్కుల నుంచి వస్తోంది. 1965లో పెంజియాస్, విల్సన్ దాన్ని పట్టారు. 1992లో కోబే ఉపగ్రహం, తర్వాత డబ్ల్యూమ్యాప్, ప్లాంక్ దాని వేడిలో తేడాలు కొలిచాయి. తేడా ఎంత? లక్షలో ఒక వంతు. అంటే అప్పుడు విశ్వం దాదాపు అంతటా ఒకేలా ఉంది. ఒకచోట వెంట్రుకవాసి ఎక్కువ, ఇంకోచోట వెంట్రుకవాసి తక్కువ.
ఎక్కువ ఉన్నచోటు పక్కవాటిని లాక్కుంది. లాక్కున్నకొద్దీ బలం పెరిగింది, ఇంకా లాక్కుంది. తక్కువ ఉన్నచోటు తన దగ్గరున్నది కూడా పోగొట్టుకుంది. 1,380 కోట్ల ఏళ్లు ఇదే నడిచింది. డార్క్ మ్యాటర్ అనే కనబడని పదార్థం లేకపోతే ఇంత కాలం కూడా సరిపోదు. అది వెలుగుతో సంబంధం లేకుండా ముందే గుమికూడటం మొదలుపెట్టింది, మామూలు వాయువు తర్వాత ఆ గుంతల్లో పడింది.
అక్కడ ఉన్నదాన్ని ఎవరో తీసేయలేదు, మొదట్నుంచీ కొంచెం తక్కువ ఉండటమే కారణం. అమ్మాయికి నేనైతే ఇదే చెబుతాను.

మూసీ_గట్టు
ఇప్పుడు అర్థమైంది. ఎండాకాలం చెరువు ఎండిపోతే అడుగున నేల నెర్రెలిస్తుంది గదా, మట్టి పెంకులు శూన్యాలు, నెర్రెలు తీగలు. అట్లా అనుకోవచ్చా?

మిర్యాలగూడ_టు_పుణె
పై నుంచి చూస్తే ఆ ఆకారం బాగానే సరిపోతుంది అన్నా, క్లాసులో వాడొచ్చు. రెండు జాగ్రత్తలు మాత్రం చెప్పాలి. చెరువు అడుగు చదును, ఇక్కడ అన్ని దిక్కులా గోడలు. 1970లో సోవియట్ శాస్త్రవేత్త జెల్డోవిచ్ లెక్క వేసి చెప్పింది కూడా అదే, పదార్థం మొదట పలుచటి పొరలుగా కుంచించుకుపోతుందని. పొరలు కలిసేచోట తీగలు, తీగలు కలిసేచోట క్లస్టర్లు. రెండోది, మట్టి పెంకులు ఎండి కుంచించుకుపోతాయి. శూన్యాలు ఉబ్బుతాయి. లోపల పదార్థం తక్కువ, ఆపే లాగుడు తక్కువ, కాబట్టి అక్కడ విస్తరణ సగటు కంటే వేగంగా సాగుతుంది.

కల్వకుర్తి_పోరడు
అంటే శూన్యం గెలాక్సీలను నెడుతోందన్నమాట. మన పాలపుంతను కూడా ఒక శూన్యం నెడుతోందని ఎక్కడో చదివాను.

మిర్యాలగూడ_టు_పుణె
నెట్టడం లేదు తమ్ముడూ. ఆ వైపు నుంచి లాగేవాళ్లు లేరు, ఇవతలి వైపు ఉన్నారు. అంతే తేడా.

కల్వకుర్తి_పోరడు
మరి ఆ వార్తలో "వికర్షణ కేంద్రం" అని స్పష్టంగా ఉందక్కా. 2017లో శాస్త్రవేత్తలే పెట్టిన పేరు. లెక్కలో ఫలితం ఒకటే అయినప్పుడు నెట్టడం అంటే ఏం తప్పు?

పాలమూరు_ఎమ్మెస్సీ
ఇక్కడ పోరడి మాటలో కూడా బలం ఉంది. సగటు సాంద్రతను సున్నా అనుకుని లెక్క మొదలుపెడితే, సగటు కంటే తక్కువున్న చోటు రుణ ద్రవ్యరాశిలా పనిచేస్తుంది. సమీకరణంలో నిజంగానే వికర్షణగా వస్తుంది. పరిశోధన పత్రాల్లో ఆ పదం వాడేది అందుకే.

మిర్యాలగూడ_టు_పుణె
సమీకరణం వరకు ఒప్పుకుంటాను. కానీ తొమ్మిదో తరగతిలో "శూన్యం నెడుతుంది" అని చెబితే, రేపు గురుత్వాకర్షణ నెడుతుందని కూడా రాస్తారు. లాగుడు తక్కువ అనే చెప్పాలి, నా మాట అదే.
నువ్వు చదివిన సంగతి మాత్రం నిజం. మన పక్కనే ఒక శూన్యం ఉంది. 1987లో బ్రెంట్ టల్లీ, రిచర్డ్ ఫిషర్ దాన్ని మ్యాపు వేశారు. పాలపుంత దాని అంచున ఉంది. ఆ వైపు లోటు వల్ల మనం సెకనుకు సుమారు 260 కిలోమీటర్ల వేగంతో దానికి దూరంగా పోతున్నామని టల్లీ బృందం లెక్క. బాబాయికి ఇది కూడా చెప్పు, మనం శూన్యంలో పడటం లేదు, దాని నుంచి దూరం జరుగుతున్నాం.

కల్వకుర్తి_పోరడు
చెప్పిన. బాబాయి నిమ్మళంగా ఉన్నాడు. ఇప్పుడు 260 కిలోమీటర్ల వేగమైతే మనకు గాలి ఎందుకు కొట్టదు అంటున్నాడు.

గద్వాల_పంతులు
మీ అందరి మాటలు చదువుతుంటే కడుపు నిండింది. 1980 ఫిబ్రవరి 16 సంపూర్ణ సూర్యగ్రహణం మన జిల్లాల మీదుగా పోయింది. ఊర్లో తలుపులు వేసుకుని పడుకున్నవాళ్లే ఎక్కువ. మా సైన్సు సారు మాత్రం మమ్మల్ని మిద్దె మీదికి తీసుకుపోయి నేల మీద నీడల్లో వంకీలు చూపించాడు. అప్పుడే ఉస్మానియా యూనివర్సిటీ వాళ్ల జపాల్-రంగాపూర్ అబ్జర్వేటరీలో దేశదేశాల శాస్త్రవేత్తలు పరికరాలు పెట్టుకుని కూర్చున్నారు. 48 అంగుళాల టెలిస్కోపు ఉన్న చోటు, సాగర్ రోడ్డు దిక్కే. మన గడ్డ మీద ఆ పని జరిగిందని ఈ పిల్లలకు ఎవరు చెబుతున్నారు? దేవరకొండ సారూ, ఆ మాట కూడా పాఠంలో కలపండి.

మిర్యాలగూడ_టు_పుణె
పంతులు గారూ, ఇంకొకటి కూడా కలపాలి. 2017లో పుణెలోని ఐయుకా, ఐఐఎస్‌ఈఆర్ శాస్త్రవేత్తలు, జయదీప్ బాగ్చీ బృందం, స్లోన్ సర్వే డేటాలోంచి ఒక భారీ సూపర్ క్లస్టర్‌ను బయటికి తీశారు. సరస్వతి అని పేరు పెట్టారు. మీనరాశి దిక్కున, 400 కోట్ల కాంతి సంవత్సరాల దూరం, 60 కోట్ల కాంతి సంవత్సరాల పొడవు, కనీసం 43 క్లస్టర్లు. మనం ఉన్న సూపర్ క్లస్టర్ లానియాకేయా పొడవు 52 కోట్ల కాంతి సంవత్సరాలు. శూన్యాల కథకు రెండో ముఖం ఇదే.

సాగర్_కట్ట
ఒక డౌటు. మనమే పెద్ద శూన్యం లోపల ఉన్నామని, అందుకే విశ్వం విస్తరణ వేగం లెక్కలు కుదరడం లేదని ఒకాయన చెబుతున్నాడు. ఇది కూడా దొంగ ఫొటో లాంటిదేనా?

పాలమూరు_ఎమ్మెస్సీ
దొంగది కాదు. 2013లో కీనన్, బార్జర్, కావీ రాసిన పత్రం ఉంది. మన చుట్టూ 200 కోట్ల కాంతి సంవత్సరాల మేర గెలాక్సీలు సగటు కంటే తక్కువున్నాయని. బిగ్ బ్యాంగ్ తర్వాతి ఆ పాత వెలుగును బట్టి విస్తరణ వేగం ప్రతి 32.6 లక్షల కాంతి సంవత్సరాల దూరానికి సెకనుకు 67 కిలోమీటర్లు, దగ్గరి సూపర్‌నోవాలను (పేలే నక్షత్రాలను) బట్టి 73 వస్తోంది. శూన్యంలో ఉంటే మన దగ్గర వేగం ఎక్కువ కనబడాలి. నాకైతే ఈ వాదన నచ్చుతుంది.

మిర్యాలగూడ_టు_పుణె
నాకు నచ్చదు. అంత లోతైన శూన్యం ఉంటే దాని అంచు దాటినచోట సూపర్‌నోవాల లెక్కలో మెట్టు లాంటి మార్పు కనబడాలి. 2019లో కెన్‌వర్తీ, స్కోల్నిక్, రీస్ వెతికారు, కనబడలేదు. గెలాక్సీలు కొంచెం తక్కువుంటే ఉండొచ్చు, 67కు 73కు ఉన్న తేడా మొత్తం దాని నెత్తిన వేయలేం. పిల్లలకు ఇది చెప్పొద్దు సార్, పెద్దవాళ్లే ఇంకా తేల్చుకోలేదు.

దేవరకొండ_ఫిజిక్స్
చెబుతానమ్మా. పెద్దవాళ్లు తేల్చుకోలేదని తెలిస్తేనే వాళ్లకు హుషారు వస్తుంది.

మూసీ_గట్టు
ఇంత ఖర్చు పెట్టి ఖాళీ చోటు కొలిస్తే ఏమొస్తుంది? తప్పు పట్టడం లేదు, మా మనవడు అడిగితే చెప్పాలి గదా.

పాలమూరు_ఎమ్మెస్సీ
విశ్వంలో 68 శాతం విస్తరణను వేగం చేసే డార్క్ ఎనర్జీ, 27 శాతం డార్క్ మ్యాటర్, మనకు తెలిసిన పదార్థం 5 శాతమే. క్లస్టర్లలో పదార్థం గోల ఎక్కువ, డార్క్ ఎనర్జీ ప్రభావం అక్కడ మరుగున పడిపోతుంది. శూన్యంలో దానికి అడ్డు తక్కువ. శూన్యాలు ఎంత వేగంగా, ఏ ఆకారంలో పెరిగాయో కొలిస్తే దాని స్వభావం తెలుస్తుంది. అమెరికాలో కిట్ పీక్ మీద డెసి పరికరం 5,000 చిన్న రోబోలతో ఒకేసారి 5,000 గెలాక్సీల వెలుగు పడుతోంది. 2023లో యూక్లిడ్ టెలిస్కోపు అంతరిక్షంలోకి పోయింది. డార్క్ ఎనర్జీ కాలంతో పాటు మారుతోందేమో అన్న సూచనలు 2024, 2025 డెసి ఫలితాల్లో వచ్చాయి, ఇంకా ఖరారు కాలేదు. ఖరారైతే విశ్వం రేపు ఏమవుతుందన్న లెక్కే మారుతుంది.

దేవరకొండ_ఫిజిక్స్
క్లాసు అయింది. బార్నార్డ్ 68 రెండు ఫొటోలు చూపించాను, గది లెక్క చేయించాను, తమ్ముడు పంపిన పట్టికతో చుక్కలు పెట్టించాను. మొదటి ఇరవై చుక్కల దాకా గొణిగారు. మెల్లగా ఒక తీగ కనబడేసరికి వెనక బెంచీలవాళ్లు లేచి వచ్చి బల్ల చుట్టూ చేరారు. ఒకడు ఖాళీ చోట పెన్సిల్ పెట్టి "ఇక్కడ ఒక్కటే ఎందుకుంది సార్" అన్నాడు. అదే అమ్మాయి అందుకుని, "అట్లా ఒక్కటే ఉన్న గెలాక్సీ మన గెలాక్సీ లాగే ఉంటుందా?" అని అడిగింది. ఇప్పుడు దీనికి ఏం చెప్పాలి?

మిర్యాలగూడ_టు_పుణె
అడగాల్సిన ప్రశ్నే అడిగింది. శూన్యంలో గెలాక్సీలు ఎక్కువగా చిన్నవి, నీలంగా ఉంటాయి. నీలం అంటే కొత్త నక్షత్రాలు ఇంకా పుడుతున్నాయని. క్లస్టర్‌లో అయితే పక్క గెలాక్సీలు ఢీకొంటాయి, అక్కడి వేడి వాయువు ఒరుసుకుని ఉన్న చల్లటి వాయువు ఊడిపోతుంది, నక్షత్రాలు పుట్టడం ఆగిపోతుంది. శూన్యంలో ఆ బాధ లేదు, ఉన్న వాయువును నిదానంగా వాడుకుంటాయి. కొన్ని శూన్యాల లోపల సన్నటి తీగ మీద రెండు మూడు గెలాక్సీలు వరసగా ఉన్నట్టు కూడా చూశారు. బూటీస్‌లో దొరికినవి కూడా చాలావరకు ఒక గొట్టం ఆకారంలో వరసగా ఉన్నాయి. రెండు మూడు చిన్న శూన్యాలు కలిసి ఆ పెద్దది అయిందని, పాత గోడ మిగులే ఆ వరస అని ఒక అంచనా.
గ్రెగ్ ఆల్డరింగ్ అనే ఖగోళ శాస్త్రవేత్త అన్నమాట ఒకటుంది. పాలపుంత బూటీస్ శూన్యం నడుమ ఉండి ఉంటే, వేరే గెలాక్సీలు ఉన్నాయని 1960ల దాకా మనకు తెలిసేదే కాదట. అది ఆమెకు చెప్పి, అక్కడ పుట్టినవాళ్లు విశ్వం గురించి ఏమనుకునేవాళ్లో రాసుకు రమ్మనండి.

నల్లమల_నైట్స్
నవంబరులో అమావాస్య దగ్గర పిల్లలను మన్ననూరు దిక్కు తీసుకురండి సార్, హెడ్మాస్టరు, తల్లిదండ్రుల అనుమతి కాగితాలు ముందే పెట్టుకోండి. రాత్రి ఎనిమిదిన్నర, తొమ్మిదికి ఆండ్రోమెడా ఉత్తరం వైపు బాగా పైకి వచ్చి ఉంటుంది, చీకటి ఉంటే మామూలు కంటికే కనబడుతుంది. టెలిస్కోపు నేను తెస్తా.

దేవరకొండ_ఫిజిక్స్
బస్సు మాట్లాడుతున్నాను. దుప్పట్లు, టార్చీలకు ఎర్ర కాగితం ఇంకేమేం కావాలో రాసి పెట్టండి.